2018 పక్కన ‘ఎ’, ‘బి’ ఎన్నిసార్లు తీసినా మళ్లీ వస్తున్నాయి, సాయం చేయండి

వేసవిగాలి:
నాలుగు గంటలుగా ఇదే పని. రిఫరెన్స్ లిస్టులో ఒకే పేపరు రెండుసార్లు వస్తోంది. ఒకదానికి 2018ఎ, ఇంకోదానికి 2018బి. ఉన్నది ఒక్క పేపరే! రెండో ఎంట్రీ చెరిపేసి, లోపల ‘బి’ ఉన్నచోటల్లా చేత్తో దిద్దాను. కొత్తగా ఒక్క సైటేషన్ (వాక్యంలో పేపరును ఉదహరించే రచయిత పేరు, ఏడాది) పెట్టగానే అంతా మొదటికొచ్చింది. ఇది చాలదన్నట్టు కొన్నిచోట్ల రచయిత ఇంటిపేరు ముందు పొడి అక్షరాలు వస్తున్నాయి, కొన్నిచోట్ల రావడం లేదు. ఫార్మాట్ అంతా సరిగ్గానే పెట్టాను. రేపు సాయంత్రంలోగా పంపాలి.

చుక్కకామా:
రిఫరెన్సులకు ఏ స్టైలు? ఎన్నో ఎడిషను? ఏ సాఫ్ట్‌వేరు?

పాతపుట:
‘రిఫరెన్స్ లిస్టు’ అన్నారు, సంతోషం. చాలామంది దీన్ని బిబ్లియోగ్రఫీ అనేస్తుంటారు. రెండూ ఒకటి కావు. పేపరు లోపల ఉదహరించినవి మాత్రమే ఉండేది రిఫరెన్స్ లిస్టు. చదివి, ఉదహరించకుండా వదిలేసినవి కూడా చేరితే బిబ్లియోగ్రఫీ, మన సిద్ధాంత గ్రంథాల్లో ‘ఉపయుక్త గ్రంథసూచి’ అని వేసేది. ఏపీఏ స్టైల్లో శీర్షిక ‘రిఫరెన్సెస్’, ఎంఎల్ఏ స్టైల్లో ‘వర్క్స్ సైటెడ్’. శీర్షిక తప్పితే స్టైలే తెలియదనుకుంటారు.

వేసవిగాలి:
ఏపీఏ స్టైలు, ఏడో ఎడిషన్. రిఫరెన్సులు దాచి సైటేషన్లు పెట్టడానికి జోటెరో, రాయడానికి వర్డ్. అందరూ వాడేవే కదా, అందుకే రాయలేదు.

లింకుగొలుసు:
ఏపీఏ 7 అంటున్నారు కాబట్టి డీఓఐలు (ఒక్కో పేపరుకు ఇచ్చే శాశ్వత డిజిటల్ గుర్తులు) కూడా ఒకసారి చూసుకోండి. డీఓఐ అని రాసి కోలన్ పెట్టే పాత పద్ధతి ఆరో ఎడిషన్‌ది. ఏడో దాంట్లో పూర్తి వెబ్ లింకుగా రాయాలి, చివర చుక్క ఉండకూడదు. చుక్క పెడితే అదీ లింకులో భాగమనుకుని కాపీ చేసుకుంటారు, లింకు తెరుచుకోదు. పుస్తకానికి ప్రచురణ స్థలం అక్కర్లేదు, ప్రచురణకర్త పేరు చాలు. రచయితలు 20 మంది వరకు అందరి పేర్లూ రాయాలి. 21 లేదా అంతకు మించితే మొదటి 19 మంది, మూడు చుక్కలు, ఆఖరి రచయిత. ఆరో ఎడిషన్‌లో ఏడుగురి దగ్గరే ఆగేది. పాత జాబితా నుంచి కాపీ కొట్టినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

వేసవిగాలి:
డీఓఐలు బాగానే ఉన్నాయండీ. నా బాధ ‘బి’తో.

చుక్కకామా:
వర్డ్‌లోని జోటెరో బటన్లలో అన్‌లింక్ సైటేషన్స్ నొక్కి చేత్తో దిద్దుకోండి. అరగంట పని.

అడుగుగీత:
అది మాత్రం ఇప్పుడు చేయకండి. అన్‌లింక్ చేసి సేవ్ చేశాక ఆ ఫైలుకీ జోటెరోకీ సంబంధం తెగిపోతుంది, వెనక్కి తేలేం. రివ్యూ తర్వాత ఒక్క రిఫరెన్స్ చేర్చమన్నా అంతా చేత్తో చేయాలి. చేస్తే చిట్టచివర, అదీ నకలు ఫైలు మీద.

అసలు సంగతి: జోటెరో దృష్టిలో అవి రెండు వేర్వేరు ఐటమ్‌లు. ఒకే రచయితలు, ఒకే ఏడాది కాబట్టి స్టైలు తన నియమం ప్రకారం ఎ, బి తగిలిస్తోంది. మీరు చెరిపేది వర్డ్‌లో కనిపించే అక్షరాన్నే. లెక్క లోపల అలాగే ఉంది కాబట్టి రిఫ్రెష్ కాగానే తిరిగొస్తుంది.

పొడి అక్షరాల కథా దాదాపు అంతే. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు వేర్వేరు మొదటి రచయితలుంటే, గుర్తుపట్టడానికి వాక్యంలో పొడి అక్షరాలు చేర్చమంటుంది ఏపీఏ. మీ లైబ్రరీలో ఒక ఐటమ్‌లో ‘స్మిత్, జాన్’, మరోదాంట్లో ‘స్మిత్, జాన్ ఏ.’ అని ఉంటే జోటెరో ఇద్దరు మనుషులనుకుంటుంది. రెండుచోట్లా పేరు ఒకేలా దిద్ది రిఫ్రెష్ నొక్కండి.

ముందు జోటెరోలో డూప్లికేట్ ఐటమ్స్ ఫోల్డర్ తెరిచి ఆ రెంటినీ మెర్జ్ చేయండి, అంటే ఒకటిగా కలపండి. డిలీట్ కాదు, మెర్జ్. మెర్జ్ చేస్తే పాత ఐటమ్ ఎందులో కలిసిందో జోటెరో గుర్తుంచుకుంటుంది, పాత సైటేషన్లు కొత్తదానికి అతుక్కుంటాయి. డిలీట్ చేస్తే అవి అనాథలవుతాయి.

వేసవిగాలి:
పేర్లు దిద్దాను. పొడి అక్షరాలు చాలావరకు పోయాయి. కానీ డూప్లికేట్ ఐటమ్స్‌లో ఆ పేపరు లేదు! నా లైబ్రరీలో అది ఒక్కటే ఉంది. ‘బి’ అలాగే ఉంది.

పాతపుట:
వర్డ్‌లో లిస్టు తెచ్చే బటన్‌కి జోటెరో ‘బిబ్లియోగ్రఫీ’ అని పేరు పెట్టడంతోనే ఈ గందరగోళమంతా. అది తెచ్చేది రిఫరెన్స్ లిస్టునే.

లింకుగొలుసు:
బటన్ పేరు ఏదైతేనేం? ఉదహరించనివి కూడా అందులో చేర్చుకోవచ్చు, కాబట్టి ఆ పేరు తప్పు కాదు. తెలుగులో ‘ఆధార గ్రంథాలు’ అంటే సరిపోతుంది.

పాతపుట:
సరిపోదు. వ్యాసాలు, నివేదికలు, డేటాసెట్లు గ్రంథాలు కావు. ‘ప్రస్తావిత రచనలు’ అనాలి. వ్యక్తిగత ఈమెయిళ్లను ఏపీఏ లోపల ప్రస్తావించమంటుంది కానీ లిస్టులో వేయనివ్వదు, ఆ తేడా కూడా చూసుకోవాలి.

అడుగుగీత:
వేసవిగాలి గారూ, ఈ ఫైలంతా మీరొక్కరే రాశారా?

వేసవిగాలి:
మూడో భాగం సహరచయితది. వాళ్ల ఫైల్లోంచి కాపీ చేసి నా ఫైల్లో పేస్ట్ చేశాను. తనదీ జోటెరోనే. అది ముఖ్యమా?

అడుగుగీత:
కారణం అదే. ఆ సైటేషన్లు ఆయన లైబ్రరీకి కట్టుబడి వచ్చాయి. మీ లైబ్రరీలో ఎన్ని మెర్జ్‌లు చేసినా వాటికి తగలదు.

కళ్లారా చూడాలంటే వర్డ్‌లో ఆల్ట్ ఎఫ్9 నొక్కండి (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా). సైటేషన్ల బదులు పొడవాటి కోడ్ కనిపిస్తుంది. అందులో జోటెరో చిరునామా, ‘యూజర్స్’ అనే మాట, దాని తర్వాత ఒక అంకె, ఆపైన ఎనిమిది అక్షరాల ఐటమ్ గుర్తు ఉంటాయి. మీ సైటేషన్లలో ఒక అంకె, మూడో భాగంలో వేరే అంకె కనిపిస్తే తేలిపోయినట్టే. కోడ్ తెరిచి ఉండగానే ఆ రెండో అంకెను ఫైండ్‌లో వెతికితే పరాయి సైటేషన్లన్నీ వరసగా దొరుకుతాయి. మళ్లీ ఆల్ట్ ఎఫ్9 నొక్కి మామూలు రూపానికి రండి.

ఫైలు నకలు తీసి పెట్టుకుని, ఒక్కో పరాయి సైటేషన్ మీద కర్సర్ ఉంచి యాడ్ ఎడిట్ సైటేషన్ నొక్కండి. తెరుచుకునే బార్‌లో ఆ సైటేషన్‌ను చూపే బుడగను తీసేయకముందు దాని మీద నొక్కి పేజీ నంబరు ఉందేమో చూసి రాసుకోండి, బుడగతోపాటు అదీ పోతుంది. తర్వాత పేపరు పేరు వెతికితే ఫలితాల్లో పైన ‘సైటెడ్’ అనే వరస వస్తుంది. ఫైల్లో ముందే ఉన్నవి అవి, పరాయి ఐటమ్ కూడా అందులోనే ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే కథ మళ్లీ మొదటికే. కింద ‘మై లైబ్రరీ’ వరసలోది తీసుకోండి. మీ లైబ్రరీలో లేని పేపర్లను ముందే చేర్చుకోవాలి. అన్నీ అయ్యాక ఒక్కసారి రిఫ్రెష్.

చుక్కకామా:
మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే సరిపోయేది.

లింకుగొలుసు:
ఇకమీదట ఇద్దరూ ఒక గ్రూప్ లైబ్రరీ పెట్టుకుని అందులోంచే సైట్ చేయండి.

అడుగుగీత:
అవును, కానీ ఒక మెలిక ఉంది. సొంత లైబ్రరీ నుంచి గ్రూప్‌లోకి లాగిన ఐటమ్ కొత్త నకలవుతుంది, దాని గుర్తు వేరు. సగం సొంతదాంట్లోంచి, సగం గ్రూప్‌లోంచి సైట్ చేస్తే ఎ, బి మళ్లీ వస్తాయి.

వేసవిగాలి:
అంకెలు వేరుగానే ఉన్నాయి. పదకొండు చోట్ల మార్చాను, ‘బి’ పోయింది. ఒక్కచోట పొడి అక్షరాలు మిగిలాయి, వాళ్లు నిజంగానే ఇద్దరు వేర్వేరు మనుషులు. థాంక్సండీ, పంపేస్తున్నా.

పాతపుట:
శీర్షిక బోల్డ్‌లో, మధ్యలో, కొత్త పేజీలో ఉందో లేదో చూసుకున్నారా?

కొత్తఆకు:
నాదీ ఇదే సమస్య, కానీ గూగుల్ డాక్స్. అక్కడ ఆల్ట్ ఎఫ్9 లేదు కదా, పరాయి సైటేషన్లను ఎలా పట్టుకోవాలి?