తాగుడు మాని, తోటివారిని మాన్పించే మాకు సర్టిఫికెట్ ఉండాలా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
నేను తాగుడు మానడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఆరేళ్లుగా ఒక డీ-అడిక్షన్ కేంద్రంలో పీర్ కౌన్సెలర్‌గా ఉన్నాను. ఆ బాధ పడి బయటపడినవాడిగా, చికిత్సకు వచ్చినవారి పక్కన ఉండటమే నా పని. ఇకమీదట మాలాంటివారికి శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్ తప్పనిసరి అని యాజమాన్యం అంటోంది. నేను చదివింది ఏడో తరగతి.

చేరిన రెండో రోజు మనిషి చేతిలో గ్లాసు నిలవదు. మజ్జిగ నిండా పోసి ఇస్తే సగం లుంగీ మీద ఒలుకుతుంది. పక్క మంచాలవాళ్లు చూస్తారు. ఆ సిగ్గుతోనే ఇంటికి పంపేయమంటాడు. అందుకని నేను సగం గ్లాసే పోస్తాను. చెంబు పక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ పోస్తాను. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. ఒకప్పుడు నా లుంగీ తడిసింది కాబట్టి తెలుసు. దీనికి మార్కులు ఎవరు వేస్తారు?

జీడితోట (పలాస):
వద్దే వద్దు. 1935లో అమెరికాలో తాగుడుకు బానిసలైన ఇద్దరు ఒకరికొకరు తోడై ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మొదలుపెట్టారు. ఈనాటికీ ఆ సమావేశాల్లో ఎవరినీ ఏ కాగితమూ అడగరు. సర్టిఫికెట్ అంటూ వస్తే ఫీజు కట్టినవాడికల్లా దొరుకుతుంది. పల్లెలో నిజంగా పనికొచ్చే మనిషి దరఖాస్తు దగ్గరే ఆగిపోతాడు.

చీపురుపల్లి ఆడపడుచు:
అన్నయ్యా, మీ చేతి మజ్జిగ తాగినవారు అదృష్టవంతులు. మా తమ్ముడికి దొరికిన తోడు వేరు. ఆయన కూడా తాగుడు మానినవాడే, మంచివాడే. "ఒక్కసారిగా ఆపేయాలి, నిమ్మరసం ఇవ్వండి, గదిలోనుంచి బయటికి రానివ్వకండి" అన్నాడు. ఆయన మాట మీద నమ్మకంతో ఆసుపత్రికి వెళ్లలేదు. మూడో రోజు తెల్లవారుజామున తమ్ముడు గోడ మీద చీమలున్నాయంటూ గోళ్లతో గోడ గీకడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఫిట్స్ వచ్చాయి, నాలుక కరుచుకున్నాడు. 108 వచ్చేదాకా వాడి తల నా ఒడిలోనే ఉంది. బతికాడు.

ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చని, డాక్టరు పర్యవేక్షణలో మందులు ఇస్తూ మాన్పించాలని ఆసుపత్రిలో చెప్పాకే మాకు తెలిసింది. తనకు గడిచింది కాబట్టి అందరికీ గడుస్తుందని ఆ పెద్దమనిషి అనుకున్నాడు. ఆ ఒక్క సంగతి నేర్పి, నేర్చుకున్నాడో లేదో పరీక్షించి ఉంటే చాలు. సర్టిఫికెట్ కావాలి.

కోట వీధి కౌన్సెలర్ (విజయనగరం):
సర్టిఫికెట్ అంటే డిగ్రీ అనుకుని భయపడుతున్నాం. అమెరికాలో జార్జియా రాష్ట్రం 1999లోనే ఇలాంటి తోటివారి సేవకు, పేదల వైద్య ఖర్చు భరించే ప్రభుత్వ పథకం మెడికెయిడ్ నుంచి డబ్బు రాబట్టింది. 2007లో అక్కడి కేంద్ర ప్రభుత్వం శిక్షణ, సర్టిఫికెట్, పైవారి పర్యవేక్షణ ఉండాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. 2023లో అక్కడే వచ్చిన నమూనా ప్రమాణాలు సూచించింది 40 నుంచి 60 గంటల శిక్షణ, మరో 120 గంటలు పర్యవేక్షణలో పని. తాము సేవ చేసే భాషలో చదవడం, రాయడం వస్తే చాలంటాయి. అలా చూస్తే మీ ఏడో తరగతి అడ్డు కాదండీ.

మన దేశంలో 2019 జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఇంత కరువులో ఉన్న తోడును దూరం చేసే పరీక్ష పెడితే అది పాపమే. పరీక్ష తెలుగులో, నోటితో అడిగేదిగా ఉండాలి. మజ్జిగ గ్లాసు కూడా అందులో ఉండాలి.

జీడితోట:
ఆ ఆడపడుచు రాసింది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. శిక్షణ వద్దని ఇక అనను. కానీ ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఏ కాగితమూ అడగరు కదా, దాని మాటేమిటి?

కోట వీధి కౌన్సెలర్:
ఏఏ సభ్యుడు జీతం తీసుకోడు, వార్డు తాళంచెవి అతని దగ్గర ఉండదు. తాళంచెవి పట్టుకున్న మనిషి ఎవరికో ఒకరికి జవాబుదారీ కావాలి. సర్టిఫికెట్ అడిగేది అందుకే.

నాగావళి ఒడ్డు:
ఒప్పుకుంటున్నాను. నన్ను అసలు భయపెట్టేది చదువు కాదు. మొదటి టపాలో తొమ్మిదేళ్లని రాశాను కదా, మధ్యలో ఒక రాత్రి ఉంది. నాలుగేళ్ల క్రితం సిరిమానోత్సవానికి విజయనగరంలో మా వదినగారింటికి వెళ్లి, ఆ రాత్రి తాగాను. మర్నాడు బస్సు దిగి నేరుగా మా డాక్టరుగారి దగ్గరికి వెళ్లి చెప్పాను. తిట్టలేదు. మూడు నెలలు వార్డులోకి రావద్దని వంటగదిలో పెట్టారు. రోజూ సాయంత్రం పది నిమిషాలు తన ఎదుట కూర్చోబెట్టుకున్నారు. తరవాత తాళంచెవి మళ్లీ నా చేతికి ఇచ్చారు.

మళ్లీ తాగితే సర్టిఫికెట్ రద్దు అని రాసి ఉంటే, ఆ ఉదయం చెప్పేవాడినా? నోరు కడుక్కుని వార్డులోకి వెళ్లి, వణుకుతున్న మనిషికి ధైర్యం చెబుతూ కూర్చునేవాడినేమో.

చీపురుపల్లి ఆడపడుచు:
అన్నయ్యా, ఆ మూడు నెలల వంటగదినే నియమంగా రాయించండి. చెప్పుకున్నవాడిని పక్కన పెట్టి నిలబెట్టాలి, దాచినవాడిని తీసేయాలి. మా తమ్ముడు గత నెల మళ్లీ తాగాడు. ఈసారి గదిలో పెట్టి తాళం వేయలేదు, ఆసుపత్రికే తీసుకెళ్లాం. ఇంటికి వచ్చాక వాడితో మాట్లాడటానికి మీరు వస్తారా?

నాగావళి ఒడ్డు:
ఆదివారం వస్తానమ్మా.