కొలార్డ్ మొక్కలు గడ్డ కట్టట్లేదు, పైగా ఆకుల నిండా చిల్లులు. పీకేయమంటారా?

వైట్‌ఫీల్డ్ నుంచి:
నమస్కారమండీ. మా అక్క అట్లాంటా నుంచి వస్తూ కొలార్డ్ గ్రీన్స్ విత్తనాలు తెచ్చింది. ఉగాది వెళ్ళాక బాల్కనీలో గ్రో బ్యాగుల్లో వేశాను. మోకాలెత్తు వచ్చాయి కానీ క్యాబేజీలా గడ్డ కట్టట్లేదు. కింది ఆకులు బాగా ముదిరాయి, వండితే చేదు. ఇప్పుడు ఆకుల నిండా చిల్లులు కూడా. కొన్నిచోట్ల పల్చటి పొర మాత్రమే మిగులుతోంది. పురుగేమో కనబడదు. పిల్లలు తినే ఆకు, మందు కొట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

యలహంక నుంచి:
పీకకండమ్మా. గడ్డ మాత్రం ఎన్నాళ్ళు చూసినా కట్టదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, ఇదీ అన్నీ ఒకే జాతివే. దీన్ని ఆకు కోసమే పెంచుతారు. మీ అపార్ట్‌మెంట్లో కాశ్మీరీ వాళ్ళుంటే ఒక ఆకు చూపించండి, వాళ్ళు ఇష్టంగా తినే హాక్ దీనికి దగ్గర చుట్టమే.

గడ్డ కోసం చూస్తూ ఆకులు కోయకుండా ఉంచేశారు, అందుకే ముదిరాయి. అరచేతికి కాస్త పెద్దగా ఉన్నప్పుడే కింది వరస నుంచి కోసుకుంటూ రావాలి. పై చిగురు, దాని చుట్టూ నాలుగైదు ఆకులు ముట్టుకోకూడదు. అలా కోస్తుంటే ఒకే మొక్క నెలల తరబడి ఇస్తుంది.

చేదు ఎండ వల్ల. ఇది చలికాలపు పంట, 15 నుంచి 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉన్నా ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 33, 34 తగులుతోంది కదా. ఉన్న మొక్కలకు మధ్యాహ్నం నీడ పట్టండి. కొత్త నారు వినాయక చవితి అయ్యాక పోసుకోండి. నాలుగైదు ఆకులు రాగానే అడుగు వెడల్పున్న బ్యాగుకు ఒకటి చొప్పున నాటండి. అసలు రుచి డిసెంబరు, జనవరిలో తెలుస్తుంది.

ఇక పురుగు. మీరు చెప్పిన పల్చటి పొర గుర్తును బట్టి అది డైమండ్ బ్యాక్ మాత్, మన రైతులు వజ్రపు రెక్కల పురుగు అంటారు. ఆకు రంగులోనే సన్నగా ఉండి అడుగున దాక్కుంటుంది. ఆకు తిప్పి పుల్లతో తాకి చూడండి, గిలగిల కొట్టుకుని దారం వదిలి కిందికి జారుతుంది. క్యాబేజీ రైతులు దీనికి కొట్టని మందు లేదు, అది చాలా మందులకు తట్టుకోవడం నేర్చేసుకుంది కూడా. కాబట్టి ఘాటైన మందు తెచ్చి ప్రయోజనం లేదు. రోజూ పొద్దున్నే ఆకుల అడుగు చూసి నలిపేయడం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి అడుగుభాగం తడిసేలా కొట్టడం చాలు. అప్పటికీ లొంగకపోతే బీటీ మందు దొరుకుతుంది. అది బాసిల్లస్ అనే బ్యాక్టీరియాతో చేసింది, పురుగు తింటేనే పనిచేస్తుంది. ఎండకు పాడవుతుంది కాబట్టి సాయంత్రం కొట్టాలి. డబ్బా మీద రాసిన మోతాదు దాటొద్దు.

వచ్చే పంటకు మాత్రం నాటిన రోజే దోమతెర కట్టేయండి. తెర ఆకులకు తగలకూడదు, తగిలితే రెక్కల పురుగు బయటి నుంచే గుడ్లు పెట్టేస్తుంది. ఆకు పంట కాబట్టి తేనెటీగలు రాకపోయినా నష్టం లేదు. ఇంకో ఉపాయం ఆవాలు. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు క్యాబేజీ రైతులకు చెప్పిన పద్ధతే ఇది: 25 వరసల క్యాబేజీకి రెండు వరసల ఆవాలు. రెక్కల పురుగు ఆవ మొక్క మీదికే ముందు పోతుంది. మీకు రెండు కుండీలు సరిపోతాయి, నారు నాటడానికి 15 రోజుల ముందే చల్లండి.

మారతహళ్ళి నుంచి:
పెద్దాయన అన్నీ చెప్పేశారు. మట్టి గురించి ఒక మాట. ఈ కుటుంబం మొక్కలు పెంచిన మట్టిలో వెంటనే మళ్ళీ క్యాబేజీ, ముల్లంగి వేయకండి, వేరు తెగుళ్ళు నిలబడిపోతాయి. మధ్యలో మెంతికూరో చిక్కుడో వేయండి. విత్తనాల సంగతి కూడా చూసుకోండి అక్కా. బయటి దేశం నుంచి తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, విత్తనాలకు తెగుళ్ళు లేవనే ధ్రువపత్రం ఉండాలి.

చెన్నై నుంచి:
వేలచ్చేరిలో మిద్దె మీద వేయొచ్చాండీ?

యలహంక నుంచి:
డిసెంబరు, జనవరిలో కోతకొచ్చేలా చూసుకుంటే కాస్త వస్తుంది బాబూ. మిగతా పది నెలలు మునగాకు తినండి, దానికేం తక్కువ!

వైట్‌ఫీల్డ్ నుంచి:
చాలా థ్యాంక్సండీ, ఇందాకే ఆకు తిప్పి చూస్తే నాలుగు దొరికాయి. ముదురు ఆకులు పారేయాల్సిందేనా? ఆవాలు పోపుల డబ్బాలోవి చల్లొచ్చా?

మారతహళ్ళి నుంచి:
పారేయకండి. మధ్య ఈనె తీసేసి, ఆకులు చుట్టి సన్నగా తరిగి, కందిపప్పుతో కుక్కర్లో పెట్టండి. పాలకూర కంటే రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. చింతపండు, ఇంగువ పోపు పడితే చేదు అంతగా తెలియదు. ఇంట్లో ఎవరైనా రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడుతుంటే మాత్రం డాక్టర్ని అడిగి పెట్టండి, ఇందులో విటమిన్ కె చాలా ఎక్కువ. పోపుల డబ్బా ఆవాలు మరీ పాతవి కాకపోతే మొలుస్తాయి. తడి గుడ్డలో గుప్పెడు కట్టి చూసుకోండి.