టీకా ముందు ఎవరికి? లెక్క కంప్యూటర్‌కి వదిలేద్దామా?

లెక్కల మాస్టారు:
మళ్లీ మహమ్మారి వచ్చి, డోసులు కొన్నే ఉంటే, పంపకం కంప్యూటర్ మోడల్‌కి అప్పగించాలంటాను. మనుషుల చేతిలో పెడితే ఎమ్మెల్యే గారి దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. మోడల్‌కి ఎవరూ ఫోన్ చేయలేరు.

పీజీ రెండో ఏడు:
2020 డిసెంబర్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ఆస్పత్రిలో ఎవరూ ఫోన్ చేయలేదు మాస్టారూ, ఫార్ములాయే చేసింది. తొలి విడత 5,000 డోసులు. రెసిడెంట్ డాక్టర్లు 1,300 పైచిలుకు. జాబితాలో చోటు దొరికింది ఏడుగురికి! వయసుకీ, పనిచేసే చోటుకీ మార్కులు వేసే లెక్క అది. రెసిడెంట్లది కుర్ర వయసు, పైగా మాలాగే వార్డులు తిరుగుతుంటారు కాబట్టి ఫలానా చోటు అని ఉండదు. రెండు చోట్లా మార్కులు పోయాయి. ఇంట్లోంచి పనిచేసే పెద్ద డాక్టర్లలో కొందరికి మాత్రం వచ్చాయి. రెసిడెంట్లు ధర్నాకి దిగితే పైవాళ్లు చెప్పింది ఒకటే: అల్గారిథమ్ సరిగా పనిచేయలేదు.

లెక్కల మాస్టారు:
అది మోడల్ కాదు బాబూ, కూడికలు. అసలు మోడల్ అంటే రోగం ఎలా పాకుతుందో లెక్కగట్టేది. 2021లో 'సైన్స్' పత్రికలో వచ్చింది చూడు. వ్యాప్తిని బాగా ఆపే టీకా అయితే, 20–49 ఏళ్లవాళ్లకి ముందు వేస్తే కేసులు తగ్గుతాయి. చావులు తగ్గాలంటే మాత్రం చాలావరకు 60 దాటినవాళ్లకే ముందు వేయాలి.

హైదరాబాదీ:
మీ మాటతోనే మీరు దొరికిపోయారు. కేసులా, చావులా? అది మనమే చెప్పాలి కదా, తర్వాతే మోడల్. 2021 మే చివర్లో తెలంగాణలో గ్యాస్ బండలు వేసేవాళ్లకీ, పెట్రోల్ బంకులవాళ్లకీ, రేషన్ డీలర్లకీ ముందు వేశారు, రోజంతా జనంలో ఉంటారని. బ్రిటన్ వయసు చూసింది. ఇందులో తప్పెవరిది?

ఏఎన్ఎం అక్క:
నాకు మోడళ్లు తెలీవు. కోవిషీల్డ్ వయల్‌లో పది డోసులు, మూత తీస్తే నాలుగు గంటల్లో వాడెయ్యాలి. 2021 ఏప్రిల్‌లో ఒకరోజు స్లాట్లన్నీ ఫుల్ అని కోవిన్ చూపిస్తోంది, పదో మనిషి రాలేదు. టౌన్ నుంచి కార్లో రావాల్సినాయన. సాయంత్రమైంది. బయటికెళ్లి ఎదురుగా టీ కొట్టాయన్ని లాక్కొచ్చాను. యాభై ఏళ్లు, ఆధార్ ఉంది. ఓటీపీ రావాలంటే ఫోన్ కొడుకు దగ్గరుంది. వాడు వచ్చేదాకా టెన్షనే.

లెక్కల మాస్టారు:
మంచి పనే. కానీ వీధిలో అంతమంది ఉండగా ఆయనే ఎందుకు? చుట్టమా? నా అనుమానం అక్కడే అమ్మా.

ఏఎన్ఎం అక్క:
చుట్టం కాదండీ. టీల బాకీ ఉన్నాను.