‘కుంక్టండో’కు మన మాట ఏది?

ప్రశ్న:
రోమన్ సేనాని ఫేబియస్ మాక్సిమస్ మీద వ్యాసం రాస్తూ, ఆయన గురించి కవి ఎన్నియస్ చెప్పిన లాటిన్ పాదం దగ్గర ఆగిపోయాను. ‘ఊనుస్ హొమొ నోబీస్ కుంక్టండో రెస్టిటుయిట్ రెమ్.’ ‘ఒక్క మనిషి ఆలస్యం చేయడం ద్వారా మాకు రాజ్యాన్ని పునరుద్ధరించాడు’ అని రాసుకున్నాను. అర్థం వచ్చింది కానీ ప్రాణం రాలేదు. ‘కుంక్టండో’కు ‘నిదానంతో’ అంటే కుదురుతుందా?

జవాబు:
‘నిదానం’ వద్దమ్మా. అది మెచ్చుకోలు మాట, ‘నిదానమే ప్రధానం’ అని పెద్దలు నెత్తిన పెట్టుకున్న మాట. ‘కుంక్టండో’కు మూలమైన ‘కుంక్టారి’ అంటే వెనకాడటం, తటపటాయించడం, జాగు చేయడం.

ఆ రోజులు ఒకసారి తలచుకోండి. క్రీ.పూ. 217లో ఇటలీలోని ట్రాసిమీన్ సరస్సు ఒడ్డున కార్తేజ్ సేనాని హానిబల్ మాటు వేసి, రోమ్ పాలకుడైన కాన్సుల్ ఫ్లమీనియస్‌తో పాటు సుమారు 15,000 మందిని మట్టుబెట్టాడు. రోమ్ గడగడలాడి ఫేబియస్‌ను డిక్టేటర్‌గా, అంటే సర్వాధికారిగా ఎన్నుకుంది. ఆ పదవికి గడువు ఆరు నెలలే. హానిబల్ అశ్వబలం ముందు మైదానంలో నిలవలేమని ఫేబియస్‌కు తెలుసు. అందుకే కొండ అంచులు వదలకుండా శత్రువును వెంటాడాడు, మేతకూ ధాన్యానికీ బయటికి వచ్చిన చిన్న దళాలను దెబ్బతీశాడు, శత్రువు వచ్చే దారిలోని పంటలను తగలబెట్టించాడు. నేరుగా యుద్ధం మాత్రం ఇవ్వలేదు. కింద పల్లెలు మండుతుంటే పైనుంచి చూస్తూ కూర్చున్నాడని సొంత సైనికులే మండిపడ్డారు. ‘హానిబల్ పెడగోగ్’ అని పేరు పెట్టారు. పెడగోగ్ అంటే బడికి పోయే పిల్లవాడి వెంట నడిచే బానిస. ఇంత తిట్టు తిన్న మనిషిని ‘నిదానపరుడు’ అంటే ఆ తిట్టంతా మాయమైపోతుంది.

‘జాగు’ అనండి. ‘జాగేల’ అని కీర్తనల్లో దేవుణ్ణి నిలదీసేది కూడా ఆ మాటతోనే. ‘తాత్సారం’లో బద్ధకం ఎక్కువ, ‘కాలయాపన’ ఆఫీసు ఫైలు మాట. ‘నాన్చుడు’ ఎంత ఇష్టమైనా, తేల్చలేనివాడి గుణం అది. ఫేబియస్ తేల్చుకునే ఆగాడు.

మరొకరు:
మాస్టారూ, ఒక్క మాట. రోమన్ చరిత్రకారుడు లివీ ఈ ఘట్టం రాస్తూ, అశ్వదళాధిపతి మినూషియస్ ఫేబియస్‌ను ‘కుంక్టాటర్ అనాల్సిన చోట మందకొడి అనీ, జాగ్రత్తపరుడు అనాల్సిన చోట పిరికివాడు అనీ’ పిలిచాడంటాడు. సుగుణాలకు పొరుగున ఉండే దోషాలను అంటగట్టాడట! అంటే అక్కడ కుంక్టాటర్, అంటే జాగు చేసేవాడు, అన్నది సుగుణమే కదా? ‘నిదానం’ తప్పెలా అవుతుంది?

జవాబు:
చాలా మంచి ఆధారం చూపించారు. కానీ లివీ రాసింది దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత. కన్నే దగ్గర క్రీ.పూ. 216లో ఎదురెదురు యుద్ధానికి దిగిన రోమన్ సేన సర్వనాశనమై, రోమ్ మళ్లీ ఫేబియస్ బాటే పట్టాక ఆ మాటకు గౌరవం వచ్చింది. ఎన్నియస్ ఆ కాలంలోనే బతికినవాడు. ఆయన తర్వాతి పాదమే చూడండి: నలుగురూ ఏమనుకుంటారోనన్నది క్షేమం కంటే ముందు పెట్టలేదు అంటాడు. ఆ నలుగురి మాటను గుర్తుపెట్టుకునే రాసిన పాదం ఇది. నిందను అలాగే ఉంచి, దాన్నే కీర్తిగా నిలబెట్టాడు.

ఇంకొకటి. ‘నోబీస్’ను మీరు ‘మాకు’ అన్నారు. లాటిన్‌లో మనకు, మాకు అనే తేడా లేదు, మనకుంది. కవి రోమన్లతో మాట్లాడుతున్నాడు కనుక ‘మనకు’ అనాలి. ఈ ఎన్నియస్ రోమ్‌లో పుట్టలేదు, ఇటలీ దక్షిణాన రూడియే ఆయన ఊరు. గ్రీకు, ఆస్కన్, లాటిన్ వచ్చు కనుక తనకు మూడు హృదయాలున్నాయనేవాడు. రోమన్ పౌరసత్వం క్రీ.పూ. 184లో గానీ దక్కలేదు. అలాంటివాడు ‘మన’ అంటే దాని బరువే వేరు. నాకైతే పాదమంతటిలో అన్నిటికంటే ఇష్టమైన మాట అదే.

‘చేయడం ద్వారా’ కూడా తీసేయండమ్మా, తెలుగు అలా నడవదు. ‘తోనే’ చాలు.

ప్రశ్న అడిగినవారు:
మార్చాను మాస్టారూ. ‘ఒకే ఒక్కడు, జాగుతోనే, మనకు రాజ్యాన్ని మళ్లీ నిలబెట్టాడు.’