కిరాయి అడ్వాన్స్ కోడ్‌లో పెడితే కోర్టులో నిలుస్తుందా?

కిరాయిదారు, మియాపూర్:
గచ్చిబౌలిలో ఫ్లాట్ చూశాను. కాగితం వద్దు, రెండు నెలల అడ్వాన్స్ స్మార్ట్ కాంట్రాక్ట్‌లో, అంటే షరతులను దానంతట అదే అమలు చేసే కంప్యూటర్ కోడ్‌లో పెడదాం అంటున్నారు ఓనర్. 11 నెలలు నిండకముందే ఖాళీ చేస్తే మొత్తం డబ్బు దానంతట అదే ఆయన వాలెట్‌కి వెళ్లిపోతుందట. రేపు గొడవైతే ఇది చెల్లుతుందా? టెన్షన్‌గా ఉంది.

డెవలపర్, మాదాపూర్:
చెల్లుతుంది. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టేయకూడదని ఐటీ చట్టం సెక్షన్ 10ఏ చెబుతోంది. పోయినసారి ఇల్లు ఖాళీ చేశాక నా అడ్వాన్స్ కోసం నాలుగు నెలలు తిరిగాను. పెయింటింగ్ అని కొంత, నల్లా బిల్లు అని కొంత కోసేశారు. కోడ్ ఉంటే ఆ తిప్పలు తప్పేవి.

అడ్వకేట్, సికింద్రాబాద్:
10ఏ మాట నిజమే అన్నా, కానీ అది రూపం గురించే. షరతులను చూసేది 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం. అందులో సెక్షన్ 74 ప్రకారం, జరిమానాగా రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం. ఈయన ముందే చెప్పి ఖాళీ చేస్తే, వారంలో ఇంకొకరు దిగితే, ఓనర్‌కు రెండు నెలల కిరాయి నష్టం ఎక్కడిది? ఆ సంగతి కోడ్ చూడదు.

డెవలపర్:
అప్పటికే డబ్బు పోయి ఉంటుంది కదా! ఆ కోడ్ నడిచే బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి డిజిటల్ ఖాతాలో లావాదేవీ వెనక్కి రాదు.

అడ్వకేట్:
రానక్కర్లేదు. దావా వేసేది ఓనర్ మీద, కోడ్ మీద కాదు. ఆయన వేరేగా తిరిగి కట్టాలి. 2020లో సింగపూర్ అప్పీల్ కోర్టు క్వాయిన్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్‌కీ, బీ2సీ2 అనే ట్రేడింగ్ కంపెనీకీ మధ్య కేసులో ప్రోగ్రాములు కుదుర్చుకున్న క్రిప్టో లావాదేవీలను ఒప్పందాలుగానే చూసింది. ఆ లావాదేవీలు పొరపాటున కుదిరాయా అని తేల్చడానికి ప్రోగ్రాం రాసిన మనిషికి ఏం తెలుసని అడిగింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు, కానీ సరైన దారి అదేనని నా గట్టి నమ్మకం. ఇంకోమాట, ఏడాది దాటిన లీజైతే కోడ్ ఎంత పక్కాగా ఉన్నా రిజిస్ట్రేషన్ తప్పదు.

కిరాయిదారు:
అయితే కాగితం కూడా రాయిస్తాను. తేడా వస్తే కాగితమే చెల్లాలని అందులో పెట్టిస్తాను.

డెవలపర్:
పెట్టించండి. కానీ అడ్వాన్స్ తిరిగిచ్చే తేదీ మాత్రం కోడ్‌కే వదలండి. అది మనుషుల చేతిలో ఉంటే ఏమవుతుందో నేను చూశాను.