అప్‌డేట్: ఐదో సింఫనీ, గోల్డ్‌బర్గ్... చివరికి ఏవి కొన్నానంటే

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఒక్కో రచనకు డజన్ల కొద్దీ రికార్డింగులున్నాయి, బీథోవెన్ ఐదో సింఫనీకి, బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌కి ఏవి కొనమంటారని మొన్నామధ్య అడిగాను కదా. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

సింఫనీకి పెద్దగా ఆలోచించలేదు. ఎక్కువమంది చెప్పినట్టే, కార్లోస్ క్లైబర్ కండక్టర్‌గా వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించిన రికార్డింగే తీసుకున్నాను. వినగానే డౌట్లన్నీ పోయాయి.

గోల్డ్‌బర్గ్ దగ్గరే తల బద్దలైంది. పియానో మీద గ్లెన్ గూల్డ్‌దే కావాలి, సరే, కానీ ఆయన రెండుసార్లు రికార్డ్ చేశారు, 1955దా, 1981దా? మొదటిది మోనో (స్టీరియో కాదు), 38 నిమిషాల్లో ఉరుకులు పరుగుల మీద అయిపోతుంది. రెండోది 51 నిమిషాలు. తేల్చుకోవడానికి మొదట్లో వచ్చే ‘ఆరియా’ (వేరియేషన్లన్నిటికీ మూలమైన భాగం) ఒక్కటే రెండింట్లోనూ వెంటవెంటనే విన్నాను. 1955లో రెండు నిమిషాల్లోపే ముగుస్తుంది. 1981లో మూడు నిమిషాలు దాటుతుంది, స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న ఖాళీ కూడా వినిపిస్తుంది. వెనకాల ఆయన కూనిరాగం సరేసరి! కొందరికి అది చిరాకట, నాకైతే ముచ్చటేసింది. 1981దే కొనేశాను.

గోల్డ్‌బర్గ్‌ని హార్ప్‌సికార్డ్ (పియానో కంటే ముందునాటి కీబోర్డ్ వాద్యం) మీద వినమన్నవారి సలహా మర్చిపోలేదు. ముందు ఇవి తనివితీరా విననివ్వండి.