కూలగొట్టిన గడి చరిత్ర తేదీలతో సహా ఎట్ల తీయాలె?

హన్మకొండ పాఠకుడు:
మా దిక్కు ఒక ఊళ్లె దొర గడిని కూలగొట్టి పదిహేనేండ్లయింది. పోలీస్ యాక్షన్ తర్వాత క్యాంపు, ఆనక బడి, చివరికి ఎస్సీ హాస్టల్ నడిచిందంటరు. ఏది ఎప్పుడో ఎవ్వరూ ఖాయంగ చెప్తలేరు. పహాణీలల్ల గడి ఊసే లేదు. ఇంకెక్కడ చూడాలె?

కచ్చీరు:
పహాణీ సాగుభూమి లెక్క. గడి గ్రామకంఠంల (ఊరి ఇండ్ల జాగల) ఉంటే దానికి విడిగ సర్వే నంబరుండదు, ఎన్ని పహాణీలు తిరగేసినా రాదు. పంచాయతీల ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టర్ పట్టుకోండి. యజమాని పేరు ఏ ఏడు మారింది, పన్ను ఏ ఏడు ఆగింది అండ్లనే తేలుతది. బడికి అడ్మిషన్ రిజిస్టర్ చాలు. అసలు విలువైంది హాస్టల్ ఫైలు. సర్కారు ప్రైవేటు ఇల్లు అద్దెకు తీసుకుంటే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) ఇంజినీర్లు కొలిచి అద్దె ఖాయం చేస్తరు. ఆ సర్టిఫికెట్ల ప్లింత్ ఏరియా (కట్టడం కింది విస్తీర్ణం) ఉంటది. లేని గడికి అంతకన్న మంచి కొలత దొరకదు.

సమాచార హక్కు కింద పంచాయతీకి రుసుము లేదు, మండలానికి 5, జిల్లాకు 10 రూపాయలు. "గడి చరిత్ర ఇయ్యండి" అని రాస్తే సమాచారం లేదని ఒక్క ముక్కల తేల్చేస్తరు. ఇంటి నంబరు, ఏండ్లు, రిజిస్టర్ పేరు రాసి పేజీల నకలు అడగండి.

ఫసలీ లెక్క:
ఉర్దూ కాగితాల మీద ఫసలీ (నిజాం సర్కారు లెక్క) సంవత్సరముంటది, దాన్ని ఇంగ్లిషు సంవత్సరం చేయడానికి అందరూ గుడ్డిగ 590 కలుపుతరు. నిజాం ఫసలీ అక్టోబర్ల ఆజూర్ నెలతోటి మొదలు. ఆజూర్, దై, బహమన్‌కు 590, ఇస్ఫందార్ నుంచి 591. బహమన్ కొస మాత్రం జనవరిలకు జొరబడ్తది. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫసలీది, వచ్చింది 1949 ఆగస్టుల. 590 కలిపితే ఏడాది ఎనుకకు పోతరు.

ఇంకోటి. దేశ్‌ముఖ్ (వంశపారంపర్యంగ శిస్తు వసూలు చేసిన దొర) వేరు, జాగీర్దార్ (నిజాం ఇచ్చిన జాగీరు ఊళ్ల దొర) వేరు. దేశ్‌ముఖ్ గడి జాగీర్ల రద్దుల పోయిందని రాయకండి.

పాతగోడ:
మెయిన్ ఇల్లు పోయినా పక్క కట్టడాలు మిగుల్తయి. ఇంగ్లండ్ల చెషైర్‌లోని ఈటన్ హాల్ అనే పెద్ద బంగ్లా గట్లనే. రెండో ప్రపంచయుద్ధంల నేవీ కాలేజీ, తర్వాత సైన్యం క్యాడెట్ల శిక్షణ, 1961-63ల కూల్చివేత. చాపెల్, గడియారం టవర్ ఇంకా ఉన్నయి. మీరూ దర్వాజ కమాను, బావి, గుర్రాల కొట్టం ఆనవాళ్లు వెతకండి. కూల్చింది పదిహేనేండ్ల కిందనే కాబట్టి గూగుల్ ఎర్త్ ప్రోల పాత చిత్రాల స్లయిడర్ జరిపి చూడండి. ఎండాకాలం చిత్రమే తీసుకోండి, వానాకాలంల పిచ్చిమొక్కలు కమ్ముకొని గోడల గీత కనవడది.